నాన్న ఊసెత్తకపోతే బాబు మరిచిపోతాడా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూలు జిల్లాలో ఒక పల్లె. నాలుగు నెలల కింద మా బావ బోరు మోటారు స్టార్టర్ దగ్గర కరెంటు షాక్ కొట్టి చనిపోయారు. తొమ్మిదేళ్ల మా మేనల్లుడు అక్కడే ఉన్నాడు. మడి ఎండుతోందని, మోటారు వేయమని పరిగెత్తుకొచ్చి చెప్పింది వాడే. అప్పటి నుంచి ఇంట్లో స్విచ్ ముట్టడు, రాత్రి ఉలిక్కిపడి లేస్తాడు, పక్క తడుపుతున్నాడు. పొద్దున్నే కడుపునొప్పి అంటాడు. ఆడుకునేటప్పుడు షాక్ కొట్టినట్టు కిందపడి, మళ్లీ లేచి మళ్లీ పడతాడు. వాడి ముందు బావ ఊసెత్తొద్దని అందరికీ చెప్పాం. తాయెత్తు కట్టించాం. ఆర్‌ఎంపీ డాక్టర్ నిద్రమాత్ర ఇచ్చారు. వారం వారం హైదరాబాద్ తిప్పే స్తోమత లేదు. ఏం చేయాలి?

జవాబు: మీరు రాసినవాటిలో నన్ను ఆపింది మోటారు వేయమని చెప్పింది వాడేనన్న మాట. ఆ వయసు పిల్లలు ఇలాంటప్పుడు ‘నావల్లే నాన్న పోయాడు’ అనుకుంటారు, పైకి మాత్రం అనరు. ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తకపోతే, తన తప్పును అందరూ దాస్తున్నారన్న అనుమానం మరీ బలపడుతుంది. ఆ మౌనం వాడి మంచికేనని మీరు అనుకున్నారు, కానీ ముందు మానాల్సింది అదే. షాక్ ఆట అల్లరి కాదు. నోటితో చెప్పలేనిది ఒంటితో చెబుతున్నాడు, కసరొద్దు.

నెల దాటినా ఈ లక్షణాలు తగ్గలేదు కాబట్టి పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన చూశాక మనసును వదలక పట్టి పీడించే జబ్బు) అని అనుమానించాలి. దీనికి మొదటి వైద్యం మాత్ర కాదు, మాటలతో చేసే చికిత్స (ట్రామా ఫోకస్డ్ సీబీటీ). దానికి పెద్ద ఆసుపత్రే కావాలని లేదు. జాంబియా రాజధాని లుసాకాలో 257 మంది పిల్లలతో ఒక అధ్యయనం చేశారు. వాళ్లలో దాదాపు సగం మందికి మానసిక వైద్యులు కాని మామూలు వ్యక్తులే శిక్షణ తీసుకుని, పైవారి పర్యవేక్షణలో 10 నుంచి 16 సార్లు కూర్చుని ఈ చికిత్స చేశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో లక్షణాలు బాగా తగ్గాయి. తర్వాత కెన్యా, టాంజానియాల్లో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలకు గుంపులుగా 12 వారాలు చేశారు, పెంచేవాళ్లను కూడా కూర్చోబెట్టారు. కెన్యాలో ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచింది.

మీరు 14416కు (టెలీ మానస్) ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి ఒకసారి బాబును చూపించండి. ఆ తర్వాత ఫోన్ మీద ఎంతవరకు నడపవచ్చో అక్కడే అడగండి.

ఈలోగా ఇంట్లో ‘ఆ రోజు ఏమైందనుకుంటున్నావురా?’ అని వాడినే అడగండి. చెప్పకపోతే బొమ్మ గీయమనండి, బలవంతం వద్దు. ‘నీ తప్పు కాదు’ అని ఒకసారి అనేస్తే సరిపోదు. ఎర్త్ లేకపోతే, తడి చేత్తో ముట్టుకుంటే కరెంటు ఎలా కొడుతుందో తెలిసిన లైన్‌మన్‌తో చెప్పించండి, ఆ మాట ఇంకా బాగా ఎక్కుతుంది. భయం పోగొట్టాలని ఒక్కసారే బోరు దగ్గరికి లాక్కెళ్లొద్దు. ముందు ఇంట్లో మీరు స్విచ్ వేస్తుంటే చూడనివ్వండి, తర్వాత పక్కన నిలబడి వేయనివ్వండి. పొలం సంగతి డాక్టర్ చెప్పాకే. అమ్మ పక్కన పడుకుంటే పడుకోనివ్వండి. పక్క తడిపినందుకు తిట్టొద్దు, పీహెచ్‌సీలో ఒకసారి మూత్ర పరీక్ష మాత్రం చేయించండి. కడుపునొప్పికి వరుసగా బడి మాన్పించకండి. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దానితో గొడవ లేదు.

నిద్రమాత్ర విషయం వేరు. పిల్లలకు అలాంటివి సొంతంగా కొనసాగించకూడదు. ఎన్నాళ్లుగా వేస్తున్నారో రాయలేదు. కొన్ని వారాలుగా రోజూ వేస్తుంటే ఒక్కసారిగా ఆపకుండా ఆ స్ట్రిప్ పట్టుకుని డాక్టర్‌ను కలవండి.

బాబు తల్లి గురించి ఒక్క ముక్కా రాయలేదు. భర్త పోయిన ఆమె ఎలా నిద్రపోతోందో, ఏం తింటోందో కనుక్కోండి. అదే నంబర్‌కు ఆమెతోనూ మాట్లాడించండి. తల్లి తేరుకుంటేనే బాబుకు ఆసరా దొరుకుతుంది.

బాబు ‘నాన్న దగ్గరికి వెళ్లిపోతా’ అన్నా, తనకు తాను దెబ్బ తగిలించుకున్నా, తిండి మానేసినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.