మే నెలలో పసిపిల్లలతో శ్రీలంకా?

ప్రశ్న: మే సెలవుల్లో శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. బాబుకి ఆరేళ్లు, పాపకి రెండున్నర. ఆ వానల్లో, దోమల్లో పిల్లలతో ఎందుకంటున్నారు మా అత్తగారు. మానుకోమంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మానుకోవద్దండీ, వైపు మార్చుకోండి చాలు. మే నెలలో నైరుతి వానలు, అలల జోరు బెంటోట, గాలె ఉన్న నైరుతి తీరానికే ఎక్కువ. అదే సమయంలో తూర్పున ట్రింకోమలీ, పాసికుడా దగ్గర ఎండ కాస్తూ సముద్రం నెమ్మదిగా ఉంటుంది. పాసికుడాలో చాలా దూరం లోపలికి నడిచినా నీళ్లు పెద్దవాళ్ల నడుము దాటవు, అయినా పాప చెయ్యి మాత్రం వదలకండి. కొలంబో నుంచి ఒక్కరోజులో లాగించేయకుండా రాత్రికి దంబుల్లాలో ఆగితే పిల్లలు పేచీ పెట్టరు.

దోమల విషయంలో మీ అత్తగారి మాట నిజమే. డెంగీ దోమ పగలే కుడుతుంది, కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటే చాలదు, పొడుగు చేతుల పల్చటి నూలు బట్టలు వేయండి. దోమల మందు పాప అరచేతులకి రాయకండి, వెంటనే నోట్లో పెట్టుకుంటుంది. జ్వరం వస్తే పారాసిటమాలే, ఐబుప్రోఫెన్ వద్దు, ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

తిండికి టెన్షన్ అక్కర్లేదు, ఇడియాప్పం, కొబ్బరిపాల పప్పు అంతటా దొరుకుతాయి, కారం వద్దని ముందే చెప్పండి. పాపకీ విడిగా పాస్‌పోర్టు కావాలి, తీయించకపోతే ఇవాళే స్లాట్ చూసుకోండి.