బిల్లులో సీరియల్ నంబరు లేని కంప్యూటర్: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. రిటైర్డ్ టీచర్ని. మనవరాలి చదువు కోసం 2024 అక్టోబరు 9న కడపలో ఒక డిస్కౌంట్ స్టోరులో రూ. 46,500కు ఆల్-ఇన్-వన్ కంప్యూటర్ కొన్నాను. మా ఊరి కంప్యూటర్ డీలరు రూ. 3,500 ఎక్కువ చెప్పాడని అక్కడికి వెళ్లాను. 2025 జూన్‌లో అది ఆగిపోయింది. స్టోరువాళ్లు సర్వీస్ సెంటరుకు పొమ్మన్నారు. అక్కడేమో వారంటీ మార్చిలోనే అయిపోయిందన్నారు. పాత సరుకు అంటగట్టారని అడిగితే నలుగురిలో అవమానించారు. ఇప్పుడు మా ఊరి డీలరు సీరియల్ నంబరు వేసి పాత తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: అవమానం సంగతి పక్కన పెట్టండి. చేతిలో ఉన్న బిల్లు ఈ మెషిన్‌దేనని చూపించగలరా? కేసు నిలిచేదీ పోయేదీ అక్కడే. మీరు పంపిన బిల్లు కాపీలో మోడలు, ధర, జీఎస్టీ ఉన్నాయి. సీరియల్ నంబరు లేదు. "మేం అమ్మింది ఇది కాదు" అని స్టోరు అంటే మీ దగ్గర జవాబేది? పిల్లల పేపర్లో కామా తప్పినా మార్కు కోసే టీచరుగారు, నలభై ఆరు వేల బిల్లును చదవకుండా మడిచి పెట్టుకోవడమేంటి? మీ ఊరి డీలరైతే నంబరు చేత్తో రాసి స్టాంపు వేసేవాడు. ఆ రూ. 3,500లో అదీ కలిసే ఉంది.

వారంటీ మార్చిలో ముగిసినంత మాత్రాన పాత సరుకని రుజువు కాదు. తమ దగ్గర బిల్లు నమోదు కాకపోతే చాలా కంపెనీలు సరుకు పంపిన తేదీ నుంచే లెక్కేస్తాయి. బిల్లు కాపీ, మెషిన్ వెనక లేబుల్ ఫొటో కంపెనీకి ఈమెయిల్ చేసి తేదీ సరిచేయమని అడగండి. దానికంటే ముఖ్యం జూన్ నాటి జాబ్ షీట్, అంటే సర్వీస్ సెంటరు ఫిర్యాదు రాసుకుని ఇచ్చే చీటీ. బిల్లు తేదీ నుంచి ఏడాదిలోపే ఫిర్యాదు చేశారని చెప్పేది అదొక్కటే. లేకపోతే ఆ సీరియల్ నంబరు మీద సర్వీస్ సెంటరులో నమోదైన వివరాలు రాతపూర్వకంగా కోరండి.

డీలరు బిల్లు జోలికి మాత్రం పోవద్దు. అమ్మనివాడు పాత తేదీతో రాసిచ్చేది నకిలీ పత్రం. దాన్ని అసలుదని వినియోగదారుల కమిషన్‌లో పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 340 కింద నేరం మీ మెడకే చుట్టుకుంటుంది. అతని బిల్లు పుస్తకంలో వరస నంబర్లు, జీఎస్టీ రిటర్నులు చూస్తే చాలు, బండారం బయటపడుతుంది. అప్పుడు మీ నిజమైన బిల్లును కూడా ఎవరూ నమ్మరు. మెషిన్ని అతని చేత విప్పించనూ వద్దు. స్క్రూ కదిలితే "బయటివాళ్లు పాడుచేశారు" అంటారు.

ఆ నంబరు మెషిన్ని మీకే అమ్మినట్టు రికార్డు దొరికే చోటు స్టోరే. ఇలాంటి చోట బిల్లు కొట్టేటప్పుడు పెట్టె మీది బార్‌కోడ్ స్కాన్ చేయడం మామూలే. ఆ రికార్డు ఇవ్వమని 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసివ్వండి. కార్డు లేదా యూపీఐ చెల్లింపు వివరం, అట్టపెట్టె ఉంటే దాని లేబుల్ జాగ్రత్త. స్టోరు మౌనంగా ఉంటే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 38(9) కింద ఆ పత్రాలు తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. ఆ రికార్డులో అది డిస్‌ప్లే పీసని, అంటే షాపులో చూపించడానికి పెట్టిందని తేలితే, పాతదాన్ని కొత్తదిగా అమ్మడం అక్రమ వ్యాపార పద్ధతి అవుతుంది. అప్పుడు పరిహారం గట్టిగా అడగవచ్చు.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు, అదే చట్టం సెక్షన్ 69. జూన్ 2025 నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు గానీ, అవతలి వకీలు కొన్న తేదీనే పట్టుకుంటాడు. అందుకని 2026 అక్టోబరు 8 దాటనివ్వకండి. నోటీసుల మీద నోటీసులు పంపినంత మాత్రాన గడువు పెరగదు.

బిల్లు వెనక "హైదరాబాద్ కోర్టుల పరిధి" అని ఉన్నా భయం లేదు. మీరు నివసించే జిల్లాలోనే, అంటే కడప జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. స్టోరునూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి. రూ. 5 లక్షల లోపు ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. స్టోరు రికార్డు తెప్పించే దరఖాస్తు మాత్రం తెలిసినవాళ్ల చేత రాయించండి.