జీవ మానవశాస్త్రం అంటే ఇప్పటికీ పుర్రెలు కొలవడమేనా?

డిగ్రీ అయ్యాక జీవ మానవశాస్త్రం, అంటే మనుషుల శరీరం, జన్యువులు, పరిణామం గురించిన శాస్త్రం, చదవాలని ఉందన్నారు. అది పుర్రెలు కొలిచి జాతులు తేల్చే పాత విద్య అని స్నేహితులు అంటున్నారు, నిజమేనా అని అడిగారు. నేను అందులోనే ఎం.ఎస్సీ. చేసి, తర్వాత కొన్నేళ్లు ఫీల్డ్‌లో నమూనాలు సేకరించాను. మీ స్నేహితులు చెప్పింది ఒకప్పటి మాట. అయితే ఆ పాత కథ తెలుసుకోకుండా మాత్రం ఇందులోకి రావద్దు.

మొదటి ప్రాక్టికల్‌లో నా చేతికి ఒక పుర్రె, ఒక కాలిపర్ ఇచ్చారు. పొడవు, వెడల్పు కొలిచి, పొడవులో వెడల్పు ఎంత శాతమో చెప్పే సూచిక లెక్కకట్టి, "గుండ్రటి తల" అని రికార్డులో రాశాను. పుర్రె మీద నల్ల ఇంకుతో ఒక నంబరు తప్ప ఇంకేమీ లేదు. ఇది ఎవరిదని అడిగితే ల్యాబ్‌లో ఎవరికీ తెలియదు. నేనూ అంతటితో వదిలేశాను. ఈ శాస్త్రం ఇప్పుడు తనను తాను అడుగుతున్న ప్రశ్న సరిగ్గా అదే.

19వ శతాబ్దంలో శామ్యూల్ మోర్టన్ అనే అమెరికన్ వైద్యుడు ఫిలడెల్ఫియాలో వందల పుర్రెలు పోగేసి, లోపలి పరిమాణాన్ని బట్టి జాతులకు హెచ్చుతగ్గులు అంటగట్టాడు. ఆ పుర్రెలను ఉంచుకున్న పెన్ మ్యూజియం (పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం మ్యూజియం) 2021లో క్షమాపణ చెప్పింది. అదే ఏడాది అమెరికాలో ఈ శాస్త్రవేత్తల సంఘం తన పేరులోని "భౌతిక" అన్న మాట తీసేసి "జీవ" అని పెట్టుకుంది. పేరు మారడం నాకు చిన్న విషయమే. మనుషుల జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒక్కో జనసమూహం లోపలే ఉందని జన్యుశాస్త్రవేత్త లెవాంటిన్ 1972లోనే చూపాడు. మనుషులను జాతులుగా విడగొట్టే ఆలోచనకు అసలు దెబ్బ అక్కడ తగిలింది.

నన్ను బాగా కదిలించింది కెన్నెవిక్ మనిషి కథ. 1996లో అమెరికాలోని కెన్నెవిక్ ఊరి దగ్గర కొలంబియా నది ఒడ్డున సుమారు 8,500 ఏళ్ల నాటి అస్థిపంజరం దొరికింది. పుర్రె ఆకారం చూసి, ఇతను అక్కడి మూలవాసులకు చెందినవాడు కాడన్నారు కొందరు శాస్త్రవేత్తలు. ఆయన మా పూర్వీకుడే, పూడ్చనివ్వండని అక్కడి తెగలు అడిగాయి. కోర్టు కేసులతో ఏళ్లు గడిచాయి. చివరికి 2015లో డీఎన్ఏ తెగల మాటనే నిలబెట్టింది. పోలిక కోసం తమ నమూనాలు ఇచ్చింది కూడా అందులోని కాల్విల్ తెగవాళ్లే. 2017లో ఆయనను మళ్లీ మట్టికి అప్పగించారు. కొలతలను అంతగా నమ్మిన నాలాంటివాళ్లు ఈ కథ మరిచిపోకూడదు.

ఇప్పుడు ఎక్కువ పని ప్రాచీన డీఎన్ఏ, ఎముకల్లోని ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు; తిన్న తిండి, పెరిగిన చోటు గురించి చెబుతాయి), పళ్ల గారలో మిగిలిన ఆహారపు ఆనవాళ్ల మీద జరుగుతోంది. అద్భుతమైన పని అది. కానీ డీఎన్ఏ కోసం చెవి దగ్గరి గట్టి ఎముకను తొలిచి పొడి చేస్తే ఆ భాగం మళ్లీ రాదు. అందుకే తొలవడానికి ముందే వారసుల అనుమతి అడగాలన్న పట్టుదల పెరిగింది.

బతికున్నవాళ్ల విషయంలోనూ అంతే. ఒకసారి నేను లాలాజలం నమూనా తీసుకుంటుంటే ఒక పెద్దావిడ, "దీంతో రేపు ఇంకేం చేస్తావు నాయనా?" అని అడిగింది. నా ఫారంలో దానికి జవాబు లేదు. ఆరిజోనాలో హవసుపాయి తెగవాళ్లు మధుమేహం పరిశోధన అనుకుని రక్తం ఇస్తే, దాన్ని స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి, పూర్వీకుల వలసల అధ్యయనాలకూ వాడారు. 2010లో రాజీ కుదిరి నమూనాలు వెనక్కి ఇచ్చారు. అది చదివాక ఆవిడ ప్రశ్న నన్ను ఇంకా బాధపెట్టింది. తర్వాత నా ఫారంలో నమూనాను ఎన్నాళ్లు ఉంచుతామో, వేరే పనికి వాడాలంటే మళ్లీ అడుగుతామో లేదో రాయడం మొదలుపెట్టాను.

చేరేముందు ఆ డిపార్ట్‌మెంట్‌లో రెండు విషయాలు అడగండి. ల్యాబ్‌లోని ఎముకలు ఎక్కడి నుంచి వచ్చాయో రిజిస్టరు ఉందా? జన్యుశాస్త్రం, స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్పుతారా? స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్ ఉంటే ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి, అక్కడికి వెళ్లాక తీరిక దొరకదు.