బ్లాక్‌చెయిన్ కోర్సుకు లక్షన్నర కట్టాలా? ముందు ర్యాంపు దగ్గర నిలబడి చూడమనండి

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మండలం. ఐదెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. వ్యవసాయ సరఫరాలో బ్లాక్‌చెయిన్ అని బెంగళూరు వాళ్లు ఆర్నెల్ల కోర్సు నడుపుతున్నారట, ఫీజు లక్షన్నర. అది నేర్చుకుంటే మంచి ఉద్యోగం వస్తుందనీ, దళారుల మోసం పోయి రైతుకు రేటు కూడా వస్తుందనీ చెబుతోంది. నిజంగా ఆ ఉద్యోగాలు ఉన్నాయా? అప్పు చేసి కట్టొచ్చా? చిన్నవాడు ఇంటర్ ఎంపీసీ. వాణ్ని కూడా ఈ దారిలోనే పెట్టమంటారా?

జవాబు: అన్నా, అప్పు చేయొద్దు. అమ్మాయి ఆసక్తిని మాత్రం ఆపొద్దు. ఆమె పట్టుకున్న విషయం మంచిదే. దాన్ని అమ్ముతున్న తీరు మీదే నాకు అనుమానం.

ముందు ఆ సంగతేమిటో మీకూ తెలియాలి. ఒకే చిట్టా పుస్తకం రైతు దగ్గర, కాయ తూకం వేసి కొనే ర్యాంపు దగ్గర, ఫ్యాక్టరీలో, ల్యాబులో, ఎగుమతిదారు దగ్గర ఒకేలా ఉందనుకోండి. ప్రతి పేజీ మీదా ముందు పేజీ లెక్కల నుంచి పుట్టిన ఒక కోడ్ ఉంటుంది. ఎవరైనా తన పుస్తకంలో పాత అంకెను దిద్దితే ఆ కోడ్ తప్పిపోతుంది, మిగతా పుస్తకాలతో సరిపోదు, దొరికిపోతాడు. బ్లాక్‌చెయిన్ చేసే పని ఇదే. ఒకసారి రాసినదాన్ని తర్వాత గుట్టుగా మార్చనివ్వదు. కానీ రాసేటప్పుడే అబద్ధం రాస్తే ఆ అబద్ధాన్నీ అంతే భద్రంగా దాచిపెడుతుంది. నాలుగు టన్నులు తూగిన బండికి అడ్డగోలుగా తరుగు తీసి మూడు టన్నుల ఎనిమిది వందల కిలోలని ఎక్కిస్తే, ఆ తప్పుడు లెక్కే అందరి పుస్తకాల్లోకీ పోతుంది. కోర్సు ప్రకటనల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

మీ కాయ పోయే దారినే చూడండి. ట్రాక్టరు ర్యాంపు దగ్గరికి వస్తుంది, తూకం వేసి చీటీ ఇస్తారు, కాయ కుప్ప మీద పడుతుంది. ఆ కుప్పలో అప్పటికే నాలుగు పల్లెల కాయ ఉంటుంది. సాయంత్రం లారీకి ఎత్తేటప్పుడు ఏది ఎవరి తోటదో దేవుడికే తెలియాలి. ఫ్యాక్టరీలో మాగబెట్టి, కడిగి, గుజ్జు తీసి 215 కిలోల డ్రమ్ముల్లో నింపి బ్యాచ్ నంబరు వేస్తారు. ఆ నంబరు పట్టుకుని ముందుకు పోతే విదేశంలో కొన్నవాడి దాకా లెక్క దొరుకుతుంది. వెనక్కి వస్తే మాత్రం ర్యాంపు కుప్ప దగ్గర తెగిపోతుంది. రేపు ఒక డ్రమ్ములో పురుగుమందు అవశేషాలు ఎక్కువగా తేలాయంటే అది ఏ తోట కాయో చెప్పలేరు. జాగ్రత్తగా మందు కొట్టిన మీ కాయ మీదా అనుమానం పడుతుంది, ఆ జాగ్రత్తకు పైసా కూడా ఎక్కువ రాదు. ఈ తెగిన చోటును కలపాలంటే విడి క్రేట్లు కావాలి, విడి కుప్పలు కావాలి, బండికో లాట్ నంబరు కావాలి, అన్‌లోడింగ్ కూలీలు దాన్ని పాటించాలి. సాఫ్ట్‌వేర్ ఆ తర్వాతి మాట. కోడింగ్ వచ్చినవాళ్లు బెంగళూరులో వేలల్లో దొరుకుతారు. కుప్ప దగ్గర ఏం జరుగుతుందో తెలిసి కోడింగ్ కూడా వచ్చినవాళ్లు అరుదు. మీ అమ్మాయికి అందులో సగం ఇంట్లోనే వచ్చింది.

ఈ రంగంలో అందరూ చెప్పే ఉదాహరణ కూడా మామిడిదే. వాల్‌మార్ట్ కంపెనీ ఐబీఎంతో కలిసి అమెరికాలో ఒక ప్రయోగం చేసింది. దుకాణంలో కొన్న మామిడి ముక్కల ప్యాకెట్ ఏ తోట నుంచి వచ్చిందో పాత పద్ధతిలో వెతికితే 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది, కొత్త పద్ధతిలో 2.2 సెకన్లలో తేలింది. గొప్ప ఫలితమే. అయితే నా లెక్కలో అందులో ఎక్కువ ఘనత ప్రతిచోటా కాగితం మానేసి కంప్యూటర్లో ఒకే తీరున రాయడానిది. మన దేశంలో ద్రాక్ష ఎగుమతుల కోసం కేంద్రప్రభుత్వ వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా గ్రేప్‌నెట్‌ను 2006లోనే మొదలుపెట్టింది. తోటకు రిజిస్ట్రేషన్, ల్యాబులో నమూనా పరీక్ష, సర్టిఫికెట్, అన్నీ ఒకే గొలుసులో ఉంటాయి. బ్లాక్‌చెయిన్‌కు పేరు తెచ్చిన బిట్‌కాయిన్ గురించి మొదటి పత్రం వచ్చిందే 2008లో. అంటే బ్లాక్‌చెయిన్ పుట్టకముందే ఆ పని మామూలు డేటాబేస్‌తో మొదలైంది. ఇంకో పక్క ఓడల కంపెనీ మెర్స్క్, ఐబీఎం కలిసి ఓడ సరుకుల కోసం కట్టిన బ్లాక్‌చెయిన్ వేదిక ట్రేడ్‌లెన్స్‌ను 2022 నవంబరులో మూసేస్తున్నట్టు ప్రకటించారు. పోటీ కంపెనీలన్నీ ఒకే వేదిక మీదికి పూర్తిగా రాకపోవడమే అక్కడ దెబ్బకొట్టింది. ఈ మూడు కథలనూ అమ్మాయిని లోతుగా చదవమనండి. ఇంటర్వ్యూలో కోర్సు సర్టిఫికెట్ కంటే ఇవి ఎక్కువ పనికొస్తాయి.

రేటు సంగతి అడిగారు. 2025 సీజన్‌లో ఏం జరిగిందో మీరు అనుభవించారు. తోతాపురి ధర పడిపోతే కిలోకు 12 రూపాయలని ప్రభుత్వం నిర్ణయించింది, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం. కాయ ఎక్కువై, గుజ్జు అమ్ముడుపోకుండా ఉన్నప్పుడు ఏ టెక్నాలజీ కూడా రేటు తేలేదు. ఆ మాట అమ్మాయికి నిక్కచ్చిగా చెప్పండి. కానీ ఏ రోజు ఎవరు ఎన్ని టన్నులు తోలారు, ఎంతకు కొన్నారు, ఎప్పుడు డబ్బు వేశారు అనేది ఎవరూ దిద్దలేని లెక్కలో ఉంటే సబ్సిడీ అసలు రైతుకే చేరుతుంది, తక్కువ ఇచ్చారన్న గొడవకు ఆధారం ఉంటుంది. అది చిన్న మేలు కాదు.

ఇక ఉద్యోగాలు. ‘వ్యవసాయ బ్లాక్‌చెయిన్ ఇంజినీరు’ అన్న పేరుతో వెతికితే బహు తక్కువ కనిపిస్తాయి. ట్రేసబిలిటీ (సరుకు ఎక్కణ్నుంచి వచ్చిందో వెతికి పట్టుకోవడం), సప్లై చెయిన్ అనలిస్ట్, ఫుడ్ సేఫ్టీ, బ్యాకెండ్ డెవలపర్ అన్న పేర్లతో వెతకాలి. గుజ్జు ఎగుమతిదారులు, డెయిరీలు, బెంగళూరు, చెన్నైల్లోని అగ్రిటెక్ కంపెనీలు, మన శ్రీసిటీలో ఉన్న మాండెలేజ్, కెలాగ్స్ లాంటి ఆహార పరిశ్రమలు, వీటన్నిటికీ ముడిసరుకు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలి. అమ్మాయి డేటాబేస్‌లూ, జావా లేదా గో భాషా గట్టిగా నేర్చుకుంటే వ్యవసాయం వైపు అవకాశం రాకపోయినా ఉత్త చేతులతో మిగలదు.

బ్లాక్‌చెయిన్ నేర్చుకోవడానికి లక్షన్నర అక్కర్లేదు. ఐఐటీ ఖరగ్‌పూర్ అధ్యాపకుల పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కడితే చాలు. కంపెనీలు ఇలాంటి పనులకు వాడే బ్లాక్‌చెయిన్ సాఫ్ట్‌వేర్ హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ కూడా ఉచితమే.

వచ్చే సీజన్‌లో ఆమెను ర్యాంపు దగ్గరికి తీసుకెళ్లండి. ఒకటి రెండు రోజులు కాదు, వారమైనా ఉండాలి. తూకం చీటీ, టోకెన్, క్రేటు, లారీ, ఫ్యాక్టరీ గేటు, ఎక్కడ ఏం రాస్తున్నారో, ఎక్కడ రాయడం లేదో నోట్ చేసుకోమనండి. నాలుగో సంవత్సరం ప్రాజెక్టు అదే కావాలి: బండికో లాట్ నంబరు, చీటీ మీద క్యూఆర్ కోడ్, రైతు ఫోనుకు తెలుగులో మెసేజ్. మొదట మామూలు డేటాబేస్‌తో కట్టాలి. ఆ తర్వాత తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ ఒకరినొకరు నమ్మని వాళ్లు చాలామంది ఉండి, పుస్తకం ఎవరి చేతిలో పెట్టాలో తెలియని పరిస్థితి ఉందా? ఉంటేనే బ్లాక్‌చెయిన్. ఒక్క ఫ్యాక్టరీ సొంత లెక్కలకైతే అది దండగ ఖర్చు. ఈ తేడా చెప్పగలిగిన అమ్మాయిని ఏ కంపెనీ అయినా కూర్చోబెట్టి మాట్లాడుతుంది. తర్వాత పైచదువు కావాలంటే గుజరాత్ ఆనంద్‌లో గ్రామీణ మేనేజ్‌మెంట్ నేర్పే ఇర్మా ఉంది, ఏ డిగ్రీ వాళ్లైనా రాయొచ్చు.

చిన్నవాడి మీద ఇప్పుడే ఈ బరువు పెట్టకండి. ఆహార రంగం నచ్చితే తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ కింద డెయిరీ టెక్నాలజీ బీటెక్ ఉంది, బాపట్ల, పులివెందులల్లో ఫుడ్ టెక్నాలజీ ఉంది. నచ్చకపోతే వదిలేయండి.

ఆ బెంగళూరు వాళ్లకు ఒకసారి మీరే ఫోన్ చేయండి. పోయిన బ్యాచ్‌లో ఎవరికి, ఏ కంపెనీలో, ఏ పని దొరికిందో అడగండి. వాళ్లలో ఇద్దరితో నేరుగా మాట్లాడించమనండి. పాఠాల్లో పంట సరఫరా ఎంత, క్రిప్టో ట్రేడింగ్ ఎంత అన్నది కాగితం మీద పంపమనండి. మధ్యలో మానేస్తే ఫీజు వెనక్కి ఇస్తారో లేదో కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ఇవన్నీ చేతికి వచ్చేదాకా సీట్లు అయిపోతున్నాయని ఎంత తొందరపెట్టినా అడ్వాన్సు కట్టకండి.