బండి కబుర్లు: ఓపెన్ టాప్ ఎంజీబీకి కవర్ గోల

ప్రశ్న: అన్నా, నేను ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో ఉంటా. పోయినేడు మనసుపడి 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ (బట్ట టాప్ దించుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నా. గరాజ్ లేదు, ఇంటి ముందు డ్రైవ్‌వే మీదే పెడతా. చలికాలం వస్తోంది కదా అని అన్ని చిన్న కార్లకీ పట్టే కవర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి కప్పేశా. నెల తర్వాత తీస్తే ముందు ఫెండర్ అంచుల్లో పెయింట్ మసకబారింది, వెనక ప్లాస్టిక్ అద్దం పాలు ఒలికినట్టు తెల్లగా అయింది, లోపలంతా బూజు వాసన. అసలు కవరే వద్దంటావా?

జవాబు: కవర్ కావాలి తమ్ముడూ, కానీ ఇది కాదు. మీ బండి పొడవు దాదాపు 3.9 మీటర్లు, మన స్విఫ్ట్ అంతే అనుకో, ఎత్తు మాత్రం 1.25 మీటర్లే, అంటే స్విఫ్ట్ కంటే పావు మీటరు పైనే పొట్టి. అందుకే చిన్న కారు కవర్ కూడా దానికి అన్న చొక్కా తమ్ముడికేసినట్టు వేలాడుతుంది, లోపలికి గాలి దూరి రాత్రంతా టపటపా కొట్టుకుంటుంది, కింద కాస్త దుమ్ముందంటే ఇంకేముంది, గరుకు కాయితంతో రుద్దినట్టే. ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా తయారైంది, ఐదు లక్షల పైచిలుకు బళ్లు, కాబట్టి దాని కొలతకే కుట్టిన కవర్లు ఇప్పటికీ దొరుకుతాయి, ఆ నాలుగు పౌండ్ల దగ్గర కక్కుర్తి పడకు.

బట్ట సంగతి ఇంకా ముఖ్యం. నేనూ ఒకప్పుడు నా పాత బండికి నీలం టార్పాలిన్ కట్టినవాణ్ణే, చుక్క నీరు దిగదని మురిసిపోయా, మూడు వారాలకి తీస్తే స్టీరింగ్ మీద తెల్లటి బూజు నూగులా పట్టేసుంది! నేలలోంచి లేచిన తేమ బయటికి పోయే దారే లేదు మరి. ఆవకాయ జాడీకి గుడ్డతో వాసెన కడతారు చూడు, ఆ లెక్క, దుమ్ము ఆగాలి, గాలి ఆడాలి. బయట పెట్టే బండికి గాలాడే రకం, లోపల మెత్తటి పొర ఉన్నది తీసుకో. ఎంజీబీకి విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే బలం, తలుపుల కింద ఉండే సిల్స్ అనే పట్టీలు తుప్పుపడితే బండే కుంగుతుంది, అందుకని కవర్ అంచు నేల తాకి నీళ్లు పీల్చేలా వదలొద్దు. గడ్డి మీద అయితే అసలు పార్క్ చెయ్యకు.

ఇక వెయ్యడం. బండి కడిగి, పూర్తిగా ఆరాక, ఇంజినూ సైలెన్సరూ చల్లబడ్డాకే. టాప్ ఎత్తే ఉంచు, దించి కప్పితే సీట్ల దగ్గర కవర్ గుంటపడి వాన నీళ్లు చెరువులా నిలుస్తాయి, మడతపడ్డ ప్లాస్టిక్ అద్దం చలికి చిట్లుతుంది కూడా. ఆ అద్దం మీద పాత నూలు పంచె ముక్క ఒకటి పరిచెయ్యి, కవర్ నేరుగా తగలదు. రేడియో ఏరియల్ దించెయ్యి, బంపర్ మీద పొడుచుకొచ్చే క్రోమ్ కొమ్ములకి పాత సాక్సులు తొడుగు (నవ్వకు, పనిచేస్తుంది). ముందు బంపర్ కింద ఎలాస్టిక్ తగిలించి వెనక్కి పరుచుకుంటూ పో, ఈడ్చొద్దు. పొట్ట కింద స్ట్రాప్ అవతలికి పంపడానికి నేల మీద పాకక్కర్లేదు, సగం నీళ్లున్న చిన్న బాటిల్‌కి కట్టి దొర్లించు, అటు చేరుతుంది. బకిల్ ప్లాస్టిక్‌దే ఉండాలి. తీసేటప్పుడు రెండు పక్కల్నీ పైకి మడిచి వెనక నుంచి ముందుకి చుట్టు, అప్పుడు బయటి మురికి లోపలి పొరకి అంటదు. రెండు వారాలకోసారి ఎండ కాసిన పూట తీసి ఆరబెట్టు, పెనుగాలి హెచ్చరిక ఉండి స్ట్రాపులు వదులుగా ఉన్నాయంటే ఆ రాత్రికి కవర్ లేకపోవడమే నయం.

ప్రశ్న: డాలస్‌లో గరాజ్‌లో ఉండే 1990 మాజ్దా మియాటాకి (ఇదీ ఓపెన్ టాప్ కారే) కూడా ఇంత తతంగమా?

జవాబు: అబ్బే, మెత్తటి కాటన్ కవర్ చాలు, స్ట్రాపులూ వద్దు. ఎలుకలున్నాయేమో మాత్రం చూసుకోండి, కవర్ కింద వెచ్చగా కాపురం పెట్టేస్తాయి.