టీ-రెక్స్ కంచె విరగ్గొడుతోందా? ముందు లోపల చూడు

తమ్ముడూ, ఒంగోలు అన్నావు, నాది కావలి. జురాసిక్ వరల్డ్ ఎవల్యూషన్ 2 అనే డైనోసార్ పార్కు వీడియో గేమ్‌లో గాలివాన వచ్చినప్పుడల్లా నీ టీ-రెక్స్ కంచె విరగ్గొట్టి జనం మీద పడుతోందని, కంచెలు మార్చీ మార్చీ డబ్బులైపోయాయని రాశావు. కంచె ఒక్కటే మారిస్తే లాభం లేదు, రెక్స్ కంఫర్ట్ (అది ఎంత సుఖంగా ఉందో చూపే కొలత) ముందే పడిపోయి ఉంటుంది, తుఫాను సాకు మాత్రమే.

నీ స్క్రీన్‌షాట్‌లో అదే ఎన్‌క్లోజర్‌లో (కంచె లోపలి చోటులో) ఇంకో పెద్ద మాంసాహారి కనబడుతోంది. దానికి మత్తు సూది వేయించి హెలికాప్టర్‌తో వేరే చోటికి మార్చెయ్, లేకపోతే రెండూ కొట్టుకు చస్తాయి. తర్వాత రేంజర్లతో (పార్కు సిబ్బందితో) రెక్స్ స్టేటస్ చెక్ చేయిస్తే ఏది తక్కువైందో, అంటే ఖాళీ నేలా, అడవా, నీళ్ళా, తిండా అన్నది తెలుస్తుంది. ఈ ఆటలో టెరిటరీ, అంటే డైనోసార్ తనదనుకుని తిరిగే చోటు, స్థిరంగా ఉండదు, కావలసింది దొరక్కపోతే వెతుక్కుంటూ పెరుగుతుంది, కాబట్టి నీళ్ళు ఒక మూల, ఫీడర్ ఇంకో మూల పెట్టకుండా దగ్గర దగ్గరగా పెట్టు. మేకలొచ్చే ఫీడర్ అయితే చూడ్డానికీ బాగుంటుంది (మా అమ్మ మాత్రం ఆ మేకని చూసి నన్ను తిడుతుంది).

ఇక కంచె గట్టి స్టీలుది, కరెంటుది వేయి. కానీ నవంబరు తుఫానుకి మన దగ్గర ముందు పోయేది కరెంటే కదా, అక్కడా అంతే. పక్కనే బ్యాకప్ జనరేటర్ పెట్టి ఇంధనం అయిపోకుండా చూసుకో. రెక్స్ బయటికొస్తే మాత్రం వెంటనే జనం దాక్కునే షెల్టర్లు తెరువు, మిగతాదంతా తర్వాత.

అప్పటికీ కంఫర్ట్ పెరగకపోతే టెరిటరీ కనబడేలా ఇంకో స్క్రీన్‌షాట్ పెట్టు, చూస్తా.