కత్తి ఎవరిదన్నది తర్వాత, ‘ఇవ్వను’ అన్నది ఎప్పుడో ముందు తేల్చండి

ప్రశ్న: తాతగారి కాలం నుంచి మా ఇంట్లో ఒక పాత కత్తి ఉండేది. ఏటా దసరాకు ఆయుధపూజలో మొదటి బొట్టు దానికే పెట్టేవాళ్లం. పాత ఆయుధాలు సేకరించే ఒక పరిచయస్తుడు అడిగితే, ప్రదర్శనలో పెట్టుకోమని 2014లో నాన్నగారు దాన్ని ఇచ్చారు. కాగితం ఏమీ రాసుకోలేదు. 2019 దసరా రోజు నాన్నగారు ఫోన్ చేసి అడిగారు, మాటామాటా పెరిగింది, ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. 2021లో నాన్నగారు పోయారు. అమ్మ ఆ కత్తిని తలచుకుని ఇప్పటికీ కన్నీళ్లు పెట్టుకుంటుంది. 2024 నవంబర్ 3న నేను వాట్సాప్‌లో అడిగితే ‘మీ నాన్న అది నాకు ఇచ్చేశాడు, ఇవ్వను’ అని జవాబిచ్చారు. ఇప్పుడు దాన్ని అమ్మకానికి పెట్టారు, ఫొటో చూశాను. నిజాం గారి కత్తిని గ్లాస్గో మ్యూజియం వందేళ్లు దాటాక కూడా తిరిగి ఇస్తానందట కదా, మాకెందుకు రాదు? 2014 తేదీతో ఒక స్టాంపు కాగితం రాయించుకుంటే పని అయిపోతుందని మిత్రుడొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆయుధపూజ గురించి, అమ్మగారి బాధ గురించి మీరు వివరంగా రాశారు. కేసును గెలిపించేదీ ఓడించేదీ మాత్రం మీరు ఒక్క వాక్యంలో దాటేసిన 2019 దసరా ఫోన్. ఆ రోజు అవతలి వ్యక్తి ‘ఇవ్వను’ అన్నారా, ‘తర్వాత చూద్దాం’ అన్నారా? ఈ రెండు మాటల మధ్యే మీ హక్కు ఉంది.

నాన్నగారు కత్తిని అమ్మలేదు, ప్రదర్శన కోసం అప్పగించారు. దీన్ని భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 148 బెయిల్‌మెంట్ అంటుంది. అలా అప్పగించిన చరాస్తిని తిరిగి రాబట్టే దావాకు కాలపరిమితి చట్టం, 1963లోని ఆర్టికల్ 70 వర్తిస్తుంది. గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లు వస్తువు ఇచ్చిన రోజు నుంచి మొదలు కావు. మీరు అడిగి, అవతలివారు నిరాకరించిన రోజు నుంచి మొదలవుతాయి. కాబట్టి 2014 నుంచి పదేళ్లు దాటిపోయాయన్న భయం అనవసరం.

2019లో జరిగింది ఉత్త గొడవే అయి, స్పష్టమైన నిరాకరణ లేకపోతే, మొదటి నిరాకరణ మీకు వచ్చిన వాట్సాప్ జవాబే. అప్పుడు 2027 నవంబర్ 3 వరకు దావా వేయవచ్చు. అంతవరకు ఆగమని దీని అర్థం కాదు.

2019 అక్టోబర్ 8న, అంటే ఆ ఏటి విజయదశమి నాడు, ఆయన ‘అది నాదే, ఇవ్వను’ అని తేల్చి చెప్పి ఉంటే లెక్క మారిపోతుంది. మామూలుగా అయితే 2022 అక్టోబర్‌తో గడువు ముగిసేది. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2020 మార్చి 15 నాటికి మిగిలి ఉన్న రెండేళ్ల ఆరు నెలల పైచిలుకు 2022 మార్చి 1 నుంచి మళ్లీ నడుస్తుంది. అలా చూసినా 2024 సెప్టెంబర్ చివరికి గడువు అయిపోయింది. మీ వాట్సాప్ సంభాషణ ఆ తర్వాత ఐదారు వారాలకు జరిగింది. ఒకసారి నిరాకరించాక మళ్లీ అడిగి, మళ్లీ కాదనిపించుకుంటే కొత్త గడువు పుట్టదు. నాన్నగారి మరణం వల్ల గడియారం ఆగదు, వారసులకు కొత్త మూడేళ్లు రావు. పైగా కాలపరిమితి చట్టం సెక్షన్ 27 ప్రకారం, గడువు దాటితే దావా వేసే దారితో పాటు ఆ వస్తువు మీద మీ హక్కే రద్దవుతుంది. అవతలివారు ఈ అభ్యంతరం లేవనెత్తకపోయినా కోర్టు తనంతట తాను చూసి దావా కొట్టేయాలని అదే చట్టం సెక్షన్ 3 చెబుతోంది.

అందుకని ముందు చేయవలసిన పని, ఆ ఫోన్ మాటలు విన్నవారెవరో తెలుసుకోవడం. అమ్మగారు పక్కనే ఉన్నారా? నాన్నగారు ఫోన్ పెట్టేశాక ఇంట్లో ఏమన్నారు? ఆ తర్వాత బంధువులకు గానీ మిత్రులకు గానీ ఉత్తరం రాశారా, మెసేజ్ పెట్టారా? ఎవరికి గుర్తున్నది వారి చేత వారి మాటల్లోనే రాయించండి. మీకు అనుకూలమైన మాట వాళ్ల నోట పెట్టకండి. ‘ప్రదర్శనలు ఇంకా ఉన్నాయి’, ‘ఊళ్లో లేను, వచ్చాక ఇస్తా’ లాంటి వాయిదా మాటలు నిరాకరణ కిందికి రావు. అలాంటివి ఉంటే అవే మీకు బలం.

2019కీ 2024 సెప్టెంబర్‌కీ మధ్య ఆయన తన సంతకంతో ‘ఈ కత్తి ఫలానావారిది, నా దగ్గర ఉంచారు’ అని ఎక్కడైనా రాశారేమో కూడా వెతకండి. గడువు ముగియకముందు రాతపూర్వకంగా, సంతకంతో హక్కును ఒప్పుకుంటే, కాలపరిమితి చట్టం సెక్షన్ 18 కింద ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ప్రదర్శన నిర్వాహకులకు ఆయన ఇచ్చిన వస్తువుల జాబితా, బీమా దరఖాస్తు, రవాణా రసీదు, ఇలాంటి చోట్ల యజమాని పేరు రాసి ఉండవచ్చు. ప్రదర్శనలో కత్తి పక్కన ‘ఫలానా కుటుంబం సౌజన్యంతో’ అన్న చీటీ ఉంటే దాని ఫొటో కూడా కావాలి. సంతకం లేదు కాబట్టి అది గడువును పొడిగించదు గానీ, దానంగా ఇచ్చారన్న ఆయన వాదనను గట్టిగా దెబ్బతీస్తుంది.

ఆ వాదనను తేలిగ్గా తీసుకోకండి. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 ప్రకారం చరాస్తిని దానం చేయడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చేతికిస్తే చాలు. వస్తువు పదేళ్లుగా ఆయన చేతిలోనే ఉంది. దానమని రుజువు చేసే భారం ఆయనదే అయినా, అప్పగింత అని చూపే కాగితం ఒక్కటీ మీ దగ్గర లేదు. తరాల నాటి వస్తువును చేతి రసీదైనా లేకుండా ఇచ్చి, 2019లో గొడవయ్యాక కూడా ఒక నోటీసు పంపకుండా ఊరుకోవడం మీ కుటుంబం చేసిన పెద్ద అజాగ్రత్త. కొద్దిపాటి తపాలా ఖర్చుతో పోయే అనుమానం ఇవాళ కేసునే మింగేలా ఉంది.

గ్లాస్గో సంగతికి వద్దాం. 2022లో గ్లాస్గో మ్యూజియమ్స్ ఏడు వస్తువులను భారత్‌కు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1905లో నిజాం సేకరణలోంచి పోయిందని చెప్పిన తల్వార్ వాటిలో ఒకటి. అది ఏ కోర్టు డిక్రీతోనూ, అంటే తీర్పు ఉత్తర్వుతోనూ, జరగలేదు, మ్యూజియం తనకు తానుగా తీసుకున్న నిర్ణయం. అలాంటి నిర్ణయానికి కాలపరిమితి అడ్డురాదు, మీ ప్రతివాది నుంచి దాన్ని ఆశించనూ లేరు. నాగపూర్ మరాఠా పాలకుడు రఘూజీ భోంస్లే కత్తి 2025 ఏప్రిల్‌లో లండన్ సోథెబీస్ వేలానికి వస్తే, మహారాష్ట్ర ప్రభుత్వం సుమారు 47 లక్షల రూపాయలకు దాన్ని కొనుక్కోవాల్సి వచ్చింది. పాత కత్తులు తిరిగొచ్చిన వార్తల్లో చాలావాటి వెనుక ఉన్నది దయో, డబ్బో. మీరు వెళ్లేది సివిల్ కోర్టుకు. అక్కడ తేదీలు అడుగుతారు.

ఇక మీ మిత్రుడి సలహా. 2014 తేదీతో స్టాంపు కాగితం జోలికి పోవద్దు, పోనే వద్దు. స్టాంపు కాగితానికి వరస నంబరు ఉంటుంది, అమ్మినవారి రిజిస్టరులో తేదీ ఉంటుంది. ఆ రిజిస్టరు తెప్పించమని అవతలి లాయరు ఒక్క పిటిషన్ వేస్తే చాలు. అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద ఫోర్జరీ, దాన్ని కోర్టులో నిజమైనదిగా వాడితే సెక్షన్ 340, తప్పుడు సాక్ష్యమైతే సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష. చనిపోయిన నాన్నగారి సంతకం పెట్టాలి కదా, ఎవరు పెడతారు? ఒక్క దొంగ కాగితం బయటపడ్డాక మీ నిజమైన ఫొటోలను, మీ అమ్మగారి నిజమైన సాక్ష్యాన్ని కూడా జడ్జి నమ్మరు. నలుగురిని వెంటబెట్టుకెళ్లి కత్తి తెచ్చుకోవాలన్న ఆలోచన ఉంటే అదీ మానుకోండి. ఇంట్లోకి అక్రమ ప్రవేశం కేసుతో పాటు, కత్తి చేతపట్టుకుని వీధిలోకి వచ్చిన కేసు కూడా మీ మీదే పడుతుంది.

పోలీసు ఫిర్యాదు ఇవ్వవచ్చు. అప్పగించిన సొత్తును సొంతం చేసుకోవడం నేరపూరిత నమ్మకద్రోహం, ఇప్పుడు న్యాయ సంహిత సెక్షన్ 316. అయితే ‘ఇది సివిల్ తగాదా’ అన్న జవాబు వినడానికి సిద్ధంగా ఉండండి. స్టేషన్ చుట్టూ తిరిగినన్నాళ్లు సివిల్ గడువు ఆగదన్నది మరవకండి.

దావాలో ఎక్కువమంది తప్పు చేసేది కత్తి వర్ణన దగ్గర. ‘మా వంశపు పురాతన ఖడ్గం’ అని రాస్తే కోర్టు ఏ కత్తిని ఇప్పించాలి? పాత తల్వార్లు ఒకదానికొకటి ఎంతో పోలికతో ఉంటాయి. ఇంట్లోని పూజ ఫొటోలు, పెళ్లి ఆల్బమ్‌లు, ఉంటే నెగెటివ్‌లు అన్నీ తీయండి. అమ్మకపు ఫొటో పక్కన పెట్టి భూతద్దంతో చూడండి. పిడి చివరి గుండ్రటి బిళ్ల మీద నగిషీ ఎక్కడ అరిగింది, పొదిగిన బంగారు తీగ ఎక్కడ ఊడింది, అంచున గంట్లు మొన నుంచి ఎంత దూరంలో ఉన్నాయి, అలుగు (కత్తి రేకు) మీద గుంటలు పడిన తుప్పు మచ్చ ఏ ఆకారంలో ఉంది, ఇవి వేలిముద్రల్లా పనికొస్తాయి. అక్షరాలుంటే ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. బికనీర్ ఆయుధశాల కత్తుల మీద చుక్కలతో కొట్టిన నాగరి అక్షరాలు ఉంటాయి, అలాంటి గుర్తు ఒక్కటి దొరికినా వాదన సగం తేలుతుంది. ఉక్కులో నీటి అలల్లాంటి గీతలు ఉండేవని ఇంట్లోవారికి గుర్తుంటే అదీ రాయండి. తెలంగాణలోని కోనసముద్రం ఉక్కుకు పేరు తెచ్చిన ఆ గీతలు, గరుకు కాగితంతో రుద్దితే పైకి కనబడకుండా పోతాయి. అమ్మేముందు మెరుగు పెట్టించడం ఈ వ్యాపారంలో మామూలే. దాంతో కత్తి విలువతో పాటు మీ ఆనవాళ్లు కూడా పోతాయి, అందుకే ఆలస్యం పనికిరాదు.

తెలియనిది మాత్రం రాయకండి. ‘17వ శతాబ్దానిది’ అని ప్లెయింట్‌లో (దావా పత్రంలో) రాసి, పిడి తర్వాతి కాలంలో లక్కతో అతికించినదని నిపుణుడు చెబితే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడలేరు. పాత అలుగులకు కొత్త పిడులు వేయడం ఎప్పుడూ ఉన్నదే.

వాట్సాప్ జవాబు మీ ప్రధాన సాక్ష్యం. ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి, మెసేజ్‌లు మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఇప్పుడే ఆపండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు నింపాలి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ కూడా రాయాలి. అమ్మకపు ప్రకటనను తేదీ, చిరునామా కనబడేలా భద్రపరచి, దానికీ ఇదే పద్ధతి పాటించండి.

అమ్మకం నడుస్తోంది కాబట్టి నోటీసు పంపి పదిహేను రోజులు ఎదురుచూడటం ప్రమాదం. ప్రైవేటు వ్యక్తి మీద ఇలాంటి దావాకు ముందస్తు నోటీసు తప్పనిసరి కాదు. నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్లు 7, 8 కింద కత్తినే అప్పగించమని దావా వేసి, దాంతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 1, 2 కింద అమ్మకుండా, చేతులు మారకుండా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) అడగండి. రూల్ 7 కింద, కోర్టు తరఫున వెళ్లి చూసే అడ్వకేట్ కమిషనర్‌ను పంపి, కొలతలు, బరువు, ఫొటోలు నమోదు చేయించమనీ, మెరుగు పెట్టకుండా భద్రపరచమనీ కోరండి. కత్తి దొరక్కపోతే బదులు ఇవ్వాల్సిన సొమ్ము కూడా డిక్రీలో రాయాలి కాబట్టి, విలువను జాగ్రత్తగా అంచనా కట్టించండి. కోర్టు ఫీజూ దాని మీదే. మీరొక్కరే వాది అయితే చాలదు, అమ్మగారు, తోబుట్టువులు ఉంటే వారూ చేరాలి. కత్తి తాతగారిదే అయి, పంపకాలు జరగకపోతే మేనత్తల వాటా ప్రశ్న కూడా వస్తుంది. వారి సంతకాలు ముందే తీసుకోండి.

ఈలోపే అమ్మేస్తే కొన్నవారిని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు. యజమాని కానివాడు అమ్మితే కొన్నవారికి అంతకు మించిన హక్కు రాదు. అప్పగించిన వస్తువును సొమ్మిచ్చి కొన్నవారి మీద కాలపరిమితి చట్టం ఆర్టికల్ 71 కింద, అమ్మకం సంగతి మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్ల గడువు. ప్రకటనలో విదేశీ కొనుగోలుదారుల ప్రస్తావన ఉంటే పురావస్తు సర్వేక్షణ శాఖకు రాతపూర్వకంగా తెలియజేయండి. వందేళ్లు దాటిన కళాఖండం 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. అతిక్రమిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు.

కత్తి చేతికొచ్చాక ఆయుధ చట్టం సంగతి. కత్తులు ఆయుధ నియమాల్లో ఐదో వర్గం. తుపాకీకి లాగా దీనికి అన్నిచోట్లా లైసెన్సు అక్కర్లేదు. చట్టం సెక్షన్ 4 కింద నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే కావాలి. మీ ప్రాంతం అందులో ఉందో లేదో లైసెన్సు అధికారిని రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి. కోర్టు నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు ఒరలో పెట్టి, కట్టి, డిక్రీ నకలు వెంట ఉంచుకోండి.

2019లోనే ఆయన నిక్కచ్చిగా నిరాకరించారని మీ ఇంటివారే చెబితే, ఆ నిజాన్ని మీ లాయరు దగ్గర దాచకండి. అప్పుడు దావా ఖర్చు దండగ. మధ్యవర్తి ద్వారా మాట్లాడి, నిపుణుడి చేత విలువ కట్టించి, రాతపూర్వక ఒప్పందంతో కత్తిని వెనక్కి కొనుక్కోవడమే మిగిలే దారి. ఆ మాటలు కత్తి మరొకరి చేతికి పోకముందే మొదలుపెట్టాలి.